వైద్యమునకు ప్రమాణమేది?

(భిలాయి పవర్ హౌస్‌లో జరిగిన ఉగాది సభయందు చేసిన ప్రసంగపాఠము)



భిలాయి పవర్ హౌస్ రైలుస్టేషనులో దిగి బజారువైపు నడచువానికి కొద్దిదూరములోనే నాలుగు విధముల వైద్యములు ఎదురగును. ఒకచోట ఇంగ్లీషుమందుల దుకాణము. ఒకచోట హోమియో గోళీల సీసాలు. వేరొకచోట లేహ్యములు, అరిష్టములు పేర్చిన బీరువా. బాటప్రక్కన గోనెపట్టాపై పరచిన వేళ్లు, బెరళ్లు. ఇంటికి చేరగానే అయిదవ వైద్యము సిద్ధముగా నుండును. అది పలాసనుండియో, పార్వతీపురమునుండియో వచ్చిన బంధువు సంచిలోని పసరుసీసా. ఇటీవల చేతిలోని ఫోనునకు వచ్చిపడు సందేశముల చిట్కాలు ఆరవ వైద్యమైనవి.

వీనిలో దేనిని నమ్మవలెను? దేనిని ఎంతవరకు నమ్మవలెను? ఈ ప్రశ్న పండితుల వాదమునకు మాత్రమే చెందినది కాదు. జ్వరముతో బిడ్డ మూలుగుచుండగా, అర్ధరాత్రివేళ తల్లిదండ్రులు తేల్చుకొనవలసిన ప్రశ్న. సెక్టారు 9లోని పెద్దాసుపత్రికి పోవలెనా, తెల్లవారువరకు పసరు పోయుచు చూడవలెనా అను నిర్ణయముపై ఒక ప్రాణము ఆధారపడియుండును. కావుననే ఈ విషయమును ఎగతాళిగాగాని, అభిమానముతోగాని గాక, తూకము పట్టి చూచుట అవసరము.

ముందుగా ఒక మాట. దేశీయమైనది గనుక మంచిదనుటయు, దేశీయమైనది గనుక చెడ్డదనుటయు రెండును తొందరపాటు మాటలే. పెరటిచెట్టు మందునకు పనికిరాదని మన పెద్దలు సామెత చెప్పినది పెరటిచెట్టును నిందించుటకు కాదు. దగ్గరనున్నదాని విలువను కనుగొనని మనుష్యుని నిందించుటకు. అయితే పెరటిలో నున్నంతమాత్రమున ప్రతి చెట్టును మందగునని ఆ సామెతకు అర్థము కాదు.

భిలాయివారికి మరపురాని ఉదాహరణమొకటి కలదు. 2018 వానకాలమున ఈ పట్టణములో డెంగీ జ్వరము ప్రబలినది. ఖుర్సీపారు మొదలైన బస్తీలలో ఇంటింట జ్వరము; పలువురు ప్రాణములు కోల్పోయిరి. అటువంటి దినములలో బొప్పాయి ఆకులరసము, మేకపాలు అను రెండు మాటలు ఏ ఊరనైనను అందరి నోళ్లయందును నానుచుండును. "నాలుగవ దినమున రసము త్రాగించితిమి, ఏడవ దినమునకు ప్లేట్లెట్లు పెరిగినవి" అని చెప్పువారు ఏ వీధియందైనను దొరకుదురు. వారు అసత్యము చెప్పుట లేదు. రసము త్రాగించుట నిజము. ప్లేట్లెట్లు పెరుగుటయు నిజము. మొదటిదానివలననే రెండవది జరిగినదా అనునదే తేలవలసిన సంగతి.

డెంగీ గమనము వైద్యులకు బాగుగా తెలిసినదే. జ్వరము సామాన్యముగా రెండు మొదలు ఏడు దినములుండును. ప్లేట్లెట్లు క్రమముగా పడి, అపాయకరమైన ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట, ఏ మందు లేకున్నను తమంతట తామే పెరుగును. నాలుగవనాడు బొప్పాయిరసమిచ్చినను, కొబ్బరినీరిచ్చినను, ఏమియు నీయకున్నను చాలమందికి ఏడవ ఎనిమిదవ దినములలో అవి పెరుగవలసినవే. మలేషియాలో 228 మంది రోగులపై జరిపిన పరీక్షాఫలితములు 2013లో ప్రకటింపబడినవి. రసము త్రాగినవారిలో ప్లేట్లెట్లు కొంత త్వరగా పెరిగినట్లు అందు కనబడినది. కాని డెంగీలో ప్రాణము తీయునది ముఖ్యముగా ప్లేట్లెట్ల కొరత కాదు. రక్తనాళములనుండి ద్రవము బయటకు ఊరిపోయి రక్తపుపోటు పడిపోవుట. రసము ఆ మరణములను తగ్గించునని ఇంతవరకు ఋజువు కాలేదు.

ఇచటనే అసలు ప్రమాదము దాగియున్నది. డెంగీలో జ్వరము తగ్గిన దినమే గండము మొదలగు దినము. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మగత కనబడినయెడల ఆ క్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. జ్వరము తగ్గినది, రసము పనిచేసినదని సంతోషించి ఇంట కూర్చున్నవారు ఆ గడియను చేజార్చుకొందురు. రసము విషము కాకపోవచ్చును. అది ఇచ్చిన ధైర్యము విషమైనది.

మన తార్కికులు దీనికి ఏనాడో పేరు పెట్టినారు. కాకి వచ్చి వ్రాలినది, తాటిపండు రాలినది. చూచినవాడు కాకియే పండును రాల్చినదనుకొనును. ఇది కాకతాళీయ న్యాయము. రోగము విషయమున ఈ కాకి ఎప్పుడు వ్రాలునో గూడ ఊహింపవచ్చును. మనుష్యుడు మందుకొరకు పరుగెత్తునది రోగము ముదిరినప్పుడు. ముదిరిన పిమ్మట తరచుగా జరుగునది తగ్గుటయే. పండు ముగ్గియున్న వేళకే కాకి వచ్చి వ్రాలుచున్నది.

ఈ దృష్టితో చూచినయెడల రోగములు మూడు తెగలుగా కనబడును. తమంతట తాము తగ్గునవి మొదటి తెగ. వచ్చిపోవుచుండునవి రెండవ తెగ. ఆగక ముందునకు సాగునవి మూడవ తెగ.

మొదటి తెగకు పచ్చకామెర్లు చక్కని ఉదాహరణము. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లలో, అనగా హెపటైటిస్ ఎ, ఇ అను రకములలో, అధికసంఖ్యాకులు కొన్ని వారములలో విశ్రాంతితో, ఆహారముతో కోలుకొందురు. కావుననే కామెర్లకు మందిచ్చు ఇల్లు లేని ఊరు తెలుగునాట అరుదు. కొందరు పసరు పోయుదురు. కొందరు వాత పెట్టుదురు. ఛత్తీస్‌గఢ్ మొదలుకొని ఉత్తరదేశమువరకు మంత్రించిన మాల వేయు ఆచారము కలదు. పచ్చి కాడల ముక్కలను దారముతో ముడివేసి తలపై నుంచినయెడల, దినదినమునకు ఆ మాల పొడవై మెడకు, రొమ్మునకు దిగివచ్చును. రోగము దిగుచున్నదని చూచువారందురు. నిజమునకు కాడలు ఎండి సన్నగిల్లి, ముడులు వదులగుటవలన మాల సాగుచున్నది. సున్నపునీట చేతులు కడిగించి పచ్చని నీరు దిగుట చూపువారును కలరు. పసుపులో సున్నము కలిపిన ఎర్రబారునని ఎరిగిన తెలుగు గృహిణికి ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు; చెట్టురసములకును సున్నమునకును మధ్య రంగులు మారుట వంటింటి విద్యయే.

కాని కామెర్లన్నియు ఒక్కటి కావు. పిత్తాశయపు రాయి దారికి అడ్డుపడినను, క్లోమమున క్యాన్సరు పుట్టినను కండ్లు పచ్చబడును. గర్భిణికి చివరి నెలలలో హెపటైటిస్ ఇ సోకినచో, సామాన్యులలో నూటికి ఒక్కరిని మించి తీయని ఆ రోగమే నూటికి ఇరువది మందివరకు ప్రాణము తీయగలదు. ఇరుగుపొరుగున పదిమందికి నయమైన పసరు ఆమెను కాపాడునని నమ్మి కాలము గడపుట ఎంతటి సాహసమో ఆలోచింపవలెను.

కామెర్ల మూలికలలో నేలఉసిరి చరిత్ర వేరుగా చెప్పదగినది. మదరాసు శాస్త్రజ్ఞులు దీనిని హెపటైటిస్ బి విషక్రిమిని మోయువారికిచ్చి పరీక్షించి, 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితములు ప్రకటించిరి. మూలిక పుచ్చుకొన్నవారిలో నూటికి 59 మందికి, ఉత్తుత్తి మందు పుచ్చుకొన్నవారిలో నూటికి నలుగురికి మాత్రమే రక్తమునుండి ఆ క్రిమి చిహ్నము తొలగినదని వారు వ్రాసిరి. ప్రపంచమంతయు ఆశతో చూచినది. కాని తరువాత ఇతర దేశములలో జరిపిన పరీక్షలలో ఆ ఫలితము మరల రాలేదు. ఇందు ఎవరికిని అవమానము లేదు. ఒకచోట కనబడినది రెండవచోట కనబడవలెను. అప్పుడే అది జ్ఞానమగును. ఆ మదరాసు పరీక్ష గౌరవింపదగినది. దానిని తిరిగి పరీక్షించుటయు అంతే గౌరవింపదగినది.

ఎముకల కట్టును గూర్చియు ఇట్లే విచారింపవలెను. పుత్తూరు కట్టు దక్షిణదేశమంతట ప్రసిద్ధము. విరిగిన ఎముకను సరిగా కూర్చి, కదలకుండ బిగించినచో ప్రకృతియే దానిని అతుకును. ఆ కదలకుండ చేయుటయే కట్టులోని సత్యము. అది ఆసుపత్రి సిమెంటుకట్టులోను ఉన్న సత్యమే. కాని చర్మము చీలి ఎముక బయటపడినప్పుడు, కట్టు మిక్కిలి బిగిసి వ్రేళ్లు చల్లబడి నల్లబారినప్పుడు, ఎక్స్‌రే తీయకుండ చేసిన కట్టు కాలునే పోగొట్టవచ్చును. ఏది ఎందుకు పనిచేయుచున్నదో తెలిసినచో, ఎక్కడ పనిచేయదో గూడ తెలియును.

రెండవ తెగకు ఉబ్బసము ఉదాహరణము. హైదరాబాదులో మృగశిర కార్తె ప్రవేశించునాడు బత్తిని వంశమువారు చేపమందు పంచుట లోకవిదితము. 1845లో ఒక సాధువు తమ పూర్వికునికి దీనిని ఉపదేశించెనని ఆ కుటుంబమువారు చెప్పుదురు. పసుపుపచ్చని ముద్దను చిన్న కొర్రమీను నోటనుంచి, బ్రతికియున్న చేపను రోగిచేత మ్రింగింతురు. శాకాహారులకు బెల్లముతో ఇత్తురు. వరుసగా మూడేండ్లు పుచ్చుకొనవలెను. ప్రతిసారి 45 దినములు పథ్యముండవలెను. దూద్‌బౌలి ఇంట మొదలైన ఈ పంపకము జనసమ్మర్దమువలన నాంపల్లి ప్రదర్శన మైదానమునకు మారినది. మందు వెల లేకుండ పంచబడును. హేతువాదులు, జనవిజ్ఞాన వేదికవారు దీనిని ప్రశ్నింపగా విషయము న్యాయస్థానములవరకు పోయినది; 'మందు' అను పేరు పోయి 'ప్రసాదము' అను పేరు వచ్చినది. కోవిడ్ కాలమున ఆగి, 2023లో మరల సాగినది.

ఇందు వంచన యున్నదని అనుట న్యాయము కాదు. డబ్బు పుచ్చుకొననివారి చిత్తశుద్ధిని శంకింపనక్కరలేదు. కాని చిత్తశుద్ధి వేరు, మందు సత్తువ వేరు. ఉబ్బసము ఋతువుతో పెరుగుచు తరుగుచుండు రోగము. బాలురలో చాలమందికి పెరిగినకొలది తానే తగ్గును. ముద్దలోని వస్తువులు బయటకు చెప్పబడలేదు. పుచ్చుకొన్నవారిని, పుచ్చుకొననివారిని సమముగా తీసికొని, ఏడాదిపాటు ఎవరికి ఎన్నిసార్లు ఎగశ్వాస వచ్చినదో లెక్కించి మేలు చూపిన పరీక్ష లేదు. మూడేండ్ల నియమము, 45 దినముల పథ్యము ఉన్నంతకాలము నయము కానివానికి ఒక సమాధానము సిద్ధముగా నుండును: "పథ్యము చెడినది." నయమైనచో మందు గొప్ప, కాకున్నచో రోగి తప్పు. ఎట్లు జరిగినను ఓటమి లేని మాట పరీక్షకు నిలిచిన మాట కాదు. హస్తవాసి అను నమ్మకముగూడ ఇటువంటిదే. నయమైనవారు వచ్చి హస్తవాసిని పొగడుదురు, కానివారు మరల రారు. లెక్కలో చేరినవి గెలుపులు మాత్రమే.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ రెండవ తెగకు చెందిన మరియొక రోగము విస్తారముగా నున్నది. అది సికిల్‌సెల్ వ్యాధి. తలిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించు ఈ రక్తరోగమున ఎర్రకణములు కొడవలి ఆకారము పొంది సన్నని నాళములలో చిక్కుకొనును. ఎముకలను పిండునట్టి నొప్పి వచ్చి కొన్ని దినములకు తగ్గును. నొప్పి వచ్చినప్పుడు గ్రామములోని బైగా తాయెత్తు కట్టును. నాలుగునాళ్లకు నొప్పి తగ్గును. కీర్తి తాయెత్తునకు పోవును. మరల వచ్చిన నొప్పి మరియొక దోషముగా ఎంచబడును. రక్తపరీక్షతో రోగమును తేల్చి, హైడ్రాక్సీయూరియా అను మందును వైద్యుని పర్యవేక్షణలో వాడినచో నొప్పి పొడుపులు తగ్గునని పరీక్షలు స్థాపించినవి. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో సికిల్‌సెల్ నిర్మూలనకై జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. తాయెత్తు కట్టించుకొన్న తల్లిని నిందింపవలసిన పని లేదు. రక్తపరీక్ష ఆమె గడపవరకు రావలసిన పని యున్నది.

మూడవ తెగ రోగములు క్యాన్సరు, క్షయ, బాల్యమున వచ్చు మధుమేహము మొదలైనవి. ఇవి తమంతట తగ్గునవి కావు. 1922లో ఇన్సులిను వాడుకలోనికి రాకపూర్వము ఆ మధుమేహము సోకిన బిడ్డకు బ్రతుకు లేదు; నేడును సూది మానిపించి చూర్ణమిచ్చినచో కొన్ని దినములలోనే ప్రాణాపాయము. రొమ్ములోని గడ్డ చిన్నదిగా నున్నప్పుడు శస్త్రముతో పోవును. ఆరునెలలు లేపనము పూసిన పిమ్మట పోకపోవచ్చును. మొదటి రెండు తెగలలో సంపాదించిన కీర్తిని ఈ మూడవ తెగలో వ్యయము చేయుటయే పరీక్షకు నిలువని వైద్యమువలని పెద్ద అపాయము. "కామెర్లు తగ్గించినవాడు క్యాన్సరు తగ్గింపలేడా?" అను ప్రశ్నలోని మోసమిదియే. కామెర్లను తగ్గించినది కాలము. కాలము క్యాన్సరును తగ్గింపదు, పెంచును. 1954లో పార్లమెంటు చేసిన చట్టము క్యాన్సరు, మధుమేహము, మూర్ఛ, పక్షవాతము మొదలైన రోగములు నయము చేయుదుమని ప్రకటనలు చేయుటను నిషేధించినది ఇందుకొరకే.

ఇక ఈ తూకము ఒక్క దేశీయవైద్యమునకే పట్టుట అన్యాయమని కొందరందురు. వారి మాట సత్యము. తూకము అందరికిని ఒక్కటే కావలెను. 2021 మే నెలలో జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఈ విషయము తేటపడును.

ఆ నెల నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్య అను నాటువైద్యుడు కోవిడ్‌కు మందు పంచుచుండగా వేలకొలది జనము ఎగబడినది. ఆక్సిజను దొరకని దినములవి; ఆశ దొరకినచోటికి మనుష్యులు పరుగెత్తుటలో వింత లేదు. కండ్లలో చుక్కలు వేయగానే శ్వాస కుదుటబడినదని చెప్పిన ఒక వృద్ధుని మాట దేశమంతట మారుమ్రోగినది. ఆయన కొలది దినములకే ఆసుపత్రిలో మరణించెను. ప్రభుత్వము పంపకమును ఆపించి, ఆయుర్వేద పరిశోధనసంస్థచే పరిశీలింపజేసి, హానికర వస్తువులు లేవను కారణమున మే 31న కండ్లచుక్కలు తప్ప మిగిలిన మందులకు అనుమతి యిచ్చినది. మందు కోవిడ్‌ను నయముచేయునని నిర్ధారణ కాలేదని ఆనాడే తెలియజేయబడినది. హాని లేదనుట ఒకటి. మేలు కలదనుట మరియొకటి. జనము మొదటిదానిని రెండవదిగా వినిరి.

అదే నెల 17వ తేదీన ఇంకొక చికిత్స అధికారిక పద్ధతులనుండి తొలగింపబడినది. అది కోలుకొన్నవారి ప్లాస్మాను రోగులకెక్కించుట. పెద్ద ఆసుపత్రులలో, పట్టభద్రులైన వైద్యులే దానిని వాడిరి. బంధువులు దాతలకొరకు రేయింబవళ్లు తిరిగిరి. కాని భారత వైద్య పరిశోధనమండలి 2020లో 39 ఆసుపత్రులలో 464 మంది రోగులను రెండు జట్లుగా చేసి పరీక్షింపగా, ప్లాస్మావలన మరణములు తగ్గలేదని తేలినది. చికిత్స విడిచిపెట్టబడినది.

రెండింటియందును ఆశ ఒక్కటే, కృతజ్ఞులైన రోగులు ఇద్దరికిని కలరు. భేదమొక్కటే: ఒకదానికి ఓటమిని చెప్పగల పరీక్ష పెట్టబడినది, ఓడినప్పుడు ఒప్పుకొనబడినది. ఆధునిక వైద్యము తప్పు చేయదను మాట అబద్ధము. తప్పును పట్టుకొను ఏర్పాటు దానిలో నున్నది, అదియు కొన్నిసార్లు ఆలస్యముగానే పనిచేయును. నమ్మకమునకు ఆధారము ఆ ఏర్పాటే గాని, తెల్లకోటు కాదు.

ఈ తూకము పడమటినుండి దిగుమతి అయినదనుకొనుట పొరపాటు. చరకసంహిత సూత్రస్థానము పదునొకండవ అధ్యాయము సత్యాసత్య పరీక్షకు నాలుగు సాధనములను చెప్పినది: ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి. పెద్దలు చెప్పిరనుట వానిలో ఒకటి మాత్రమే; అనేక కారణములు కలిసి ఫలమెట్లు పుట్టినదో విచారించు యుక్తికి వేరుగా స్థానమిచ్చుట గమనింపదగినది. తెలియని మందు విషము వంటిది, నిప్పు వంటిదని ఆ గ్రంథమే హెచ్చరించినది. ఇరువదితొమ్మిదవ అధ్యాయమున వైద్యులను ప్రాణరక్షకులు, రోగరక్షకులు అని విభజించి, రెండవ తెగవారు రోగి యున్నాడని విని పరుగెత్తివచ్చి తమ్ము తాము పొగడుకొనుటను, చికిత్స చేయుచున్న వైద్యుని నిందించుటను, రోగము విషమించినప్పుడు మెల్లగా తప్పుకొనుటను వర్ణించినది. చరకుని పేరు సీసాపై అచ్చువేయుట సులభము. చరకుని పరీక్షకు నిలుచుట కష్టము.

పరీక్షకు నిలిచిన మూలికలకు లోకము తలయొగ్గినది. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించునని బొంబాయి వైద్యుడు రుస్తుం వకీలు 1949లో బ్రిటిషు పత్రికలో ప్రకటించెను. 1952లో దానినుండి రెసర్పిను వేరుపరుపబడి ప్రపంచమంతట వాడబడినది. దానివలన కొందరికి మనోవ్యాకులత కలుగుచున్నదని తెలిసిన పిమ్మట, మేలైన మందులు రాగా, వెనుకబడినది. చైనాలో టూ యూయూ అను శాస్త్రవేత్త్రి నాలుగవ శతాబ్దపు వైద్యగ్రంథములోని సూచనను పట్టుకొని, ఆకును కాచుటకు మారు తక్కువ వేడిలో సారము తీసి, మలేరియాకు ఆర్టెమిసినిన్ సాధించెను. 2015లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చినది. గ్రంథము దారి చూపినది. పరీక్ష గమ్యము చేర్చినది.

తెలుగువారికి ఇంతకన్న దగ్గరి దృష్టాంతము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను గ్రహణివ్యాధి బలిగొనగా చూచినవాడు. మదరాసులో వైద్యవిద్య ముగించి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించినవాడు. లక్ష్మీపతిగారు పాశ్చాత్యవైద్యము చదివి ఆయుర్వేదమును చేపట్టిన ఉభయజ్ఞుడు. సుబ్బారావు తన గ్రహణి లక్ష్మీపతిగారి చికిత్సవలననే శాంతించినదని చెప్పుదురు. ఆ అనుభవముతో తృప్తిపడి యున్నచో ఆయన కథ అంతటితో ముగిసియుండును. తనకు నయమైనది చాలదు, ఏ పదార్థమువలన ఎట్లు నయమగునో తెలియవలెనని ఆయన 1923లో అమెరికా చేరెను. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది ఆ గ్రహణికే మందైనది. బోదకాలుతో బాధపడు కోస్తాజిల్లాలవారు నేటికిని మ్రింగు డైఇథైల్‌కార్బమజిన్ మాత్రయు ఆ బృందము కృషియే. అనుభవమును పరీక్షగా మార్చుట అనగా ఇది.

మూలిక గనుక హాని లేదనుటయు తూచి చూడవలసిన మాటయే. బోస్టను నగరపు దుకాణములలో అమ్ముచున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా, పదునాలుగింటిలో సీసము, పాదరసము, పాషాణములలో ఒకటియో, అంతకన్న హెచ్చో ఉన్నట్లు 2004లో ప్రకటింపబడినది. హోమియో గోళీలకు ఈ భయము తక్కువ. కాని మందును నూటికి ఒకపాలుగా ముప్పదిసార్లు పలుచనచేసినచో అందు ఒక్క కణమైనను మిగులుట అసంభవము. ఆస్ట్రేలియా వైద్య పరిశోధనమండలి 2015లో సమీక్షించి, ఏ రోగమునందును దాని మేలునకు నమ్మదగిన ఆధారము లేదన్నది. ఆ వైద్యులు రోగి చెప్పునది ఓపికతో వినుట మాత్రము పెద్దాసుపత్రులు నేర్చుకొనదగిన గుణమే. గంటలకొలది వరుసలో నిలిచి, రెండు నిమిషములలో చీటి పుచ్చుకొని వచ్చిన రోగి, తన మాట వినువాని దగ్గరకు పోవుట మనుష్యసహజము.

ఈ ఊరివారికి ప్రమాణమను మాటను వేరుగా బోధింపనక్కరలేదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిననాటినుండి ఇచట ఉక్కు కరగుచున్నది. కరగిన ప్రతి ఉక్కునుండి నమూనా తీసి పరీక్షశాలకు పంపుదురు. కొలిమివద్ద నున్నవాడు ముప్పదేండ్ల అనుభవజ్ఞుడైనను, వాని తండ్రియు అదే కొలిమివద్ద పనిచేసినవాడైనను, నమూనా చూడకుండ ఆ ఉక్కు పట్టాగా మారదు. అనుభవజ్ఞుని అవమానించుటకు కాదు. ఆ పట్టాపై రైలు పరుగెత్తును, రైలులో మనుష్యులుందురు. పట్టాకు అడుగు ప్రశ్నను పసరునకు అడుగుట అపచారమెట్లగును?

కావున ఇంట రోగము కలిగినప్పుడు కొన్ని ప్రశ్నలు చాలును. రోగమేదో పరీక్షతో తేలినదా? ఏమియు చేయకున్నను తగ్గు రోగమా, వచ్చిపోవునదా, ఆగనిదా? మందులో ఏమున్నదో ఇచ్చువాడు చెప్పునా? పుచ్చుకొననివారితో పోల్చి ఎవరైనను లెక్క చూచిరా? వాడుచున్న మందులను మానవలెనని చెప్పుచున్నాడా? ఈ చివరి ప్రశ్నకు అవునను జవాబు వచ్చినచోట ఆగవలెను. ఇన్సులినుగాని, ఉబ్బసపు పీల్పుమందుగాని, క్షయమాత్రలుగాని మానుమనువాడు ఎంతటి ఉదారుడైనను ఆ యింటికి హితుడు కాడు.

పెద్దవారితో వాదము పెట్టుకొనుటవలన ప్రయోజనము తక్కువ. ఊరినుండి పసరు తెచ్చిన మేనమామ ప్రేమతో తెచ్చెను. దానిని ఎగతాళి చేసినచో మందు పోదు, మనసు విరుగును. "మామయ్యా, తమరి మాట కాదనను. ముందు రక్తపరీక్ష చేయించి, రోగమేమో తెలిసిన పిమ్మట చూతము" అన్న చాలును. శొంఠికషాయమునకు గొంతునొప్పిలో స్థానమున్నది. తైలమర్దనమునకు అలసిన కీళ్లయందు స్థానమున్నది. యోగాభ్యాసమునకు నిత్యజీవితమున స్థానమున్నది. ఉపశమనమును ఉపశమనముగా, చికిత్సను చికిత్సగా ఎరిగినచో రెండింటికిని గౌరవమే.

ఉగాదినాడు వేపపూవు చేదును తెలుగువారు మొగము చిట్లింపకుండ స్వీకరింతురు. "నయమైనది" అను మాటకును "మందువలన నయమైనది" అను మాటకును మధ్యగల దూరమును కొలుచుట గూడ కొంచెము చేదైన పనియే. ఆ దూరమును కొలువకుండ గడపిన ఒక్క రాత్రి ఏ యింటను తీరని లోటు కాకుండుగాక.

స్వస్తి.